కంత కోసేది పది నిమిషాలు, అంచు కట్టేది రెండు రోజులు

పోయిన నెల ఈ పేజీలో ఫైబర్ వాటర్ ట్యాంకు పగుళ్ల గురించి రాస్తా, నేను పని నేర్చింది మద్రాసులో పడవల షెడ్డులో అని ఊరికే ఒక మాట అన్నాను. అంతే, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పడవల మీదే. తిరుపతిలో పడవేందబ్బా అని నవ్వేవాళ్లు నవ్వచ్చు, మనకి పడవంటే పుష్కరిణిలో తెప్పోత్సవం తెప్పే గుర్తొస్తుంది, నిజమే. గానీ 2022లో జిల్లాలు విడగొట్టినాక సూళ్లూరుపేట, తడ, పులికాట్ అన్నీ తిరుపతి జిల్లాలోకే వచ్చేసినాయి, అంటే ఇప్పుడు మనమూ సముద్రం వాళ్లమే. అందుకని ఈసారి పడవలే.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కొర్లగుంట. మేం ముగ్గురు ఫ్రెండ్స్, ఇద్దరిది సాఫ్ట్‌వేరు, ఒకడికి ఫ్లెక్స్ ప్రింటింగ్ అంగడి. చెన్నైలో 26 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ తక్కువలో వస్తే ముగ్గురం కలిసి కొనేసినాం, ఇండ్లల్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు అది వేరే కథ. ఇప్పుడు దాన్ని నీళ్లలోంచి తీయించి యార్డులో స్టాండు మీద పెట్టినాం. ప్రాబ్లం ఏమంటే లోపల ఫ్లోరు కింద ఎప్పుడూ రెండు మూడు చెంబుల నీళ్లు చేరతా ఉన్నాయి, నీళ్లలో ఉన్నప్పుడూ అంతే, స్టాండు ఎక్కించినాకా అంతే, తుడిస్తే మళ్లీ వారానికి అంతే. కుడిపక్క బెర్త్ కింద వాటర్ ట్యాంకు ఉందంట, కట్టినోడు దాని మీద ప్లైవుడ్డు మొత్తం మూసేసినాడు, ఒక్క మూత పెట్టలేదు. ఇంకోటి, మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే పొడుగు కంబాన్ని, పట్టుకునే స్టీలు వైర్లు డెక్కు (పడవ పైతట్టు) కింద యాడ బిగించినారో ఆ తావ బీరువా వెనక గోడ మీద తుప్పు చార కారింది. ఆడికి చెయ్యి పోదు, కన్ను పోదు. రెండు చోట్లా కంత కోసి మూతలు పెట్టాలని ప్లాను. జిగ్‌సా రంపం ఉంది, డ్రిల్లు ఉంది, నాలుగించుల గ్రైండరు ఉంది, మల్టీ టూల్ కూడా కొందాం అంటాడు మావాడు. ఏది వాడాల, ఎంత సైజు కొయ్యాల, చూసేదానికి గలీజుగా లేకుండా ఫినిషింగ్ ఎట్ల?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నువ్వే ఇంకోసారి చదువుకో. స్టాండు ఎక్కించినాక కూడా అన్నే నీళ్లు అని రాసినావు. స్టాండు మీద ఉండే పడవలోకి సముద్రం ఎట్ల వస్తుంది? అంటే కొత్తగా నీళ్లు వచ్చేది రెండే తావుల నుంచి, ఒకటి నీ ట్యాంకు, రెండోది పైనుంచి వాన. రంపం తీసేముందు ఆ నీళ్లలో వేలు ముంచి నాలిక కొనకి తాకించి చూడు, డీజిల్ వాసన లేకపోతేనే సుమా. ఉప్పగా ఉంటే పాత నీళ్లు యాడో నిలిచి ఊరతా ఉన్నాయి, చప్పగా ఉంటే ట్యాంకో వానో. తేల్చుకునేదానికి ట్యాంకులో రోంత కేసరి రంగు కలిపి నింపి వారం ఆగు, ఫ్లోరు కింద ఆరెంజి నీళ్లు కనిపిస్తే ట్యాంకు దొంగ, తెల్లనీళ్లే వస్తే వాన. ట్యాంకు తర్వాత కడుక్కోవచ్చు, కోసిన ప్లైవుడ్డుని మాత్రం మళ్లీ అతికించలేవు.

నా అనుమానం మొత్తం ఆ తుప్పు చార మీదే. మాస్ట్ వైర్లని పట్టుకునే స్టీలు పట్టీని చైన్‌ప్లేట్ అంటారు, అది డెక్కులో సన్నని సందు గుండా కిందికి దిగి లోపల బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ సందులో పూసిన సీలెంటు ఏండ్లు గడిస్తే గట్టిపడి వదిలేస్తుంది, వాన నీళ్లు పట్టీ వెంట జారి బీరువా వెనక నుంచి నీ ఫ్లోరు కిందికి చేరతాయి. కాబట్టి నీ రెండు ప్రాబ్లాలూ ఒకటే అయ్యుండచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదు అని మనం ఇంట్లో గిన్నెలు చూసి అనుకుంటాం, గానీ దాన్ని కాపాడేది పైన ఉండే కంటికి కనపడని పొర, ఆ పొర నిలబడాలంటే ఆక్సిజన్ తగలతా ఉండాల. గాలి ఆడని సందులో ఉప్పు నీళ్లు నిలిచినాయంటే ఆ పొర పోయి లోపల్లోపలే గుంతలు పడి పగులుతుంది, బయటికి కనిపించే ముక్క మాత్రం తళతళా మెరుస్తా ఉంటుంది. గాలి బాగా ఉన్న రోజు ఆ పట్టీ తెగిందంటే మాస్ట్ నెత్తిన పడుతుంది. అందుకని ఫస్టు కంత ఆడ. బెర్త్ మీద కంత రంగు టెస్టు అయినాక, అవసరమైతేనే. ఏదెట్లున్నా ట్యాంకు మీద ఒక మూత ఉంటే మంచిదే, గానీ దానికి తొందర లేదు.

ఇప్పుడు యాడ కొయ్యకూడదో చెప్తాను, ఎందుకంటే కోసేదానికంటే ఇది ముఖ్యం. పడవకి అడ్డంగా నిలబెట్టిన గోడని బల్క్‌హెడ్ అంటారు, శానా పడవల్లో చైన్‌ప్లేట్ బోల్టులు దానికే ఉంటాయి, మాస్ట్ బరువులో కూడా దానికి వాటా ఉంటుంది. ఆ గోడ జోలికి పోవద్దు, బోల్టులకి జానెడు దూరంలో కూడా వద్దు. మాస్ట్ కింద నిలబెట్టిన స్తంభం, అడుగున అడ్డంగా పోయే బీములు, పొడుగునా పోయే గట్లు, ఇవి కూడా వద్దు. నువ్వు కొయ్యాల్సింది లైనరుని, అంటే లోపల అందంకోసం వేసిన పల్చని ఫైబర్ పొరని. మడిచిన వేలితో కొట్టుకుంటా పో, కొబ్బరికాయ కొట్టి చూసినట్టే, బోలుగా మోగితే వెనక ఖాళీ, మొద్దుగా మోగితే వెనక ఏదో ఉండాది.

మోత విని రంపం పెట్టేయద్దు. 3 మిల్లీమీటర్ల బిట్టు తీసుకుని దాని కొనకి పావు అంగుళం వెనక మాస్కింగ్ టేపు చుట్టు, టేపు గోడకి తగిలేలోపల బిట్టు లోపలికి జారిపోతే ఆడ ఆగు. ఆ బెజ్జంలో బైండింగ్ వైరుని ఎల్ అక్షరంలాగా వంచి దూర్చి గుండ్రంగా తిప్పు. పూర్తి చుట్టు తిరిగితే అంత మేర వెనక ఏమీ లేదు, యాడన్నా తగిలి ఆగితే ఆడ పైపో వైరో గట్టో ఉండాది. ఫోనుకి తగిలించే పాము కెమెరాలు ఎలక్ట్రికల్ అంగళ్లలో దొరకతాయి కదా, డ్రైనేజీ పైపులు చూసేదానికి వాడేవి, అది ఉంటే ఇంకో బెజ్జం పెద్దది చేసి దూర్చి చూడు. రెండు బెజ్జాలూ నువ్వు కోసే గీత లోపలే పడాల, అప్పుడు అవి కోసిన ముక్కతో పాటు పోతాయి.

ఇంత చాదస్తం ఎందుకంటే చెప్తా ఉన్నాను. నేను షెడ్డులో చేరిన రెండో నెల, మేస్త్రీ టీకి పోయినాడు, వచ్చేలోపల పని అయిపోగొట్టి మెప్పు పొందాలని బెర్త్ మీద గీత గీసి జిగ్‌సా పెట్టేసినాను. బ్లేడు ఎంత పొడుగు ఉందో కింద ఎంత ఖాళీ ఉందో చూసుకోలేదు. రెండు జానలు పోయినాక చేతికి ఏదో మెత్తగా తగిలింది, తర్వాత పక్కటెముకల్లోకి వచ్చేట్టు ఒక కుదుపు, బ్లేడు వంగి ఆగింది. నీళ్ల గొట్టం అడ్డంగా కోసేసినాను, ఆ బ్లేడు కొన కింద పడవ గోడకే కొట్టుకుని ఉండాది. మేస్త్రీ వచ్చి లోపల చెప్పులు తేలుతుండేది చూసినాడు. తిట్టలేదు, గమ్మున ఒక ఖాళీ అట్టపెట్టె నా చేతికిచ్చి, లోపల చెయ్యి పెట్టి గొట్టం మార్చేదానికి ఎంత కంత కావాలో ఈ అట్ట మీద ఫస్టు కోసి చూడు అన్నాడు.

సైజుకి నీకు కూడా అదే చెప్తాను. పెన్సిలు గీతలు చూసి సైజు తెలియదు. పెద్ద అట్టపెట్టెకి కంత కోసి లోపల ఒక నట్టూ బోల్టూ పెట్టి స్పానర్ పట్టుకుని బిగించి చూడు. చూసేదానికి, ఒక చెయ్యి పెట్టేదానికి ఆరు అంగుళాల రౌండు కావాల. రెండు చేతులూ పెట్టి బోల్టు ఊడదీసి పట్టీ బయటికి తియ్యాలంటే పది అంగుళాలకి పన్నెండు అంగుళాలన్నా ఉండాల, పైగా ఆ పట్టీ పొడుగు ఎంతో కూడా చూసుకో, కొంతమంది కంత కోసి బోల్టులు విప్పినాక పట్టీ బయటికి రాక తల పట్టుకుంటారు. ట్యాంకు మీద అయితే ట్యాంకు మొత్తం బయటికి రావాల్నా లేక దాని మూత, గొట్టాలు అందితే చాలా అనేది ముందే తేల్చుకో.

మూలలు మాత్రం నలుచదరంగా కొయ్యద్దు. మీ ఇంట్లో గోడ పగులు యాడినుంచి మొదలైందో చూడు, కిటికీ మూల నుంచే ఐమూలగా పోయి ఉంటుంది. పడవ అలల మీద మెలితిరగతా ఉంటుంది, గోడకంటే దానికి ఇంకా జాస్తి. మూలకి రెండించుల హోల్‌సా (డ్రిల్లుకి తగిలించే గుండ్రం రంపం) పెట్టి నాలుగు రౌండ్లు కోసుకుని వాటిని నేరు గీతలతో కలిపితే మూలలు గుండ్రంగా వస్తాయి, పైగా గీత దాటి కోసేసే బాధ కూడా ఉండదు.

ఇంక టూల్స్. మల్టీ టూల్ కొనమన్న నీ ఫ్రెండు మాట విను. బర్డ్ ఆసుపత్రిలో సిమెంటు కట్టు కోసే మిషను చూసినావా, డాక్టరు దాన్ని ఆన్ చేస్తే కాలు తెగిపోతుందేమో అని పేషెంట్లు వణుకుతారు, మామూలుగా చర్మం తెగదు. ఆ బ్లేడు తిరగదు, మూడు నాలుగు డిగ్రీల లోపలే అటూ ఇటూ కొట్టుకుంటుంది, గట్టి దాన్ని కోస్తుంది, మెత్తంది దాంతో పాటే ఊగుతుంది. మల్టీ టూల్‌ది అదే తరహా, నిమిషానికి 10 వేల నుంచి 20 వేలసార్లు కొట్టుకుంటుంది. అట్లని చేతి మీద పెట్టి చూడద్దు, దీనికి వేసే చెక్క బ్లేడు పళ్లు వేరే, తెగుతుంది, రబ్బరు గొట్టాన్నీ వదలదు. గానీ జిగ్‌సా లాగా కింద రెండించులు పొడుచుకుని పోదు, లోతు మన చేతిలో ఉంటుంది, ఇరుకులో పట్టుకునేదానికీ అనువు. వెనక ఏముందో పూర్తిగా తెలియనప్పుడు ఇదే కరెక్టు. ఫైబర్‌కి మామూలు స్టీలు పళ్ల బ్లేడు వేస్తే రెండడుగులు కూడా పోకముందే మొద్దుబారిపోతుంది, గాజు కదా. కార్బైడ్ పలుకులు అతికించిన బ్లేడు గానీ డైమండ్ బ్లేడు గానీ అడుగు. నొక్కి పట్టద్దు, వాసన వస్తా పొగ వస్తా ఉంటే గాజు పోగుల్ని పట్టి ఉంచే రెసిన్ కాలతా ఉందని అర్థం, స్పీడు తగ్గించి బ్లేడుని ముందుకీ వెనక్కీ ఆడిస్తా పో.

జిగ్‌సాని బెర్త్ ప్లైవుడ్డుకి వాడచ్చు, కింద ఖాళీ ఎంతో కొలిచినాకే. ఖాళీ తక్కువుంటే జిగ్‌సా పాదం కింద ప్లైవుడ్డు ముక్క బిగించి దాన్ని పైకి లేపు, అంతమేర బ్లేడు తక్కువ దిగుతుంది. బ్లేడుని ముందుకీ వెనక్కీ ఊపే పెండ్యులం స్విచ్చు ఆఫ్ చెయ్యి, పైన మాస్కింగ్ టేపు అంటించి టేపు మీదే గీత గియ్యి, పళ్లు కిందికి ఉండే బ్లేడు వేస్తే పైన పొర చిట్లదు. హోల్‌సా అయితే మొదటి రెండు చుట్లు డ్రిల్లుని రివర్సులో తిప్పు, జెల్‌కోట్ మీద, అంటే ఫైబర్ పైన ఉండే నున్నటి పొర మీద, నీటుగా గాడి పడుతుంది, తర్వాత ఫార్వర్డులో కొయ్యి.

కోసే రోజు ఫస్టు చెయ్యాల్సింది ముక్కుతో. పెట్రోలు ఆవిరి గానీ వంటగ్యాసు గానీ గాలికంటే బరువు, అవి పైకి పోవు, పడవ అడుగున కూర్చుంటాయి, మీరు కోసేది కూడా అడుగునే, మోటారులో నిప్పురవ్వ చాలు. అన్నీ తెరిచి ఫ్యాను వేసి గాలి ఆడించినాకే స్విచ్చు నొక్కండి. బ్యాటరీల దగ్గర కోస్తా ఉంటే ముందు కనెక్షన్ పీకెయ్యండి. బ్యాటరీ టూల్సే మేలు, వైరు టూలే ఉందంటే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) మీద నుంచే లైను తీసుకోండి. ఒకడు కోస్తా ఉంటే ఇంకోడు వ్యాక్యూమ్ గొట్టం బ్లేడు పక్కనే పట్టుకోవాల, మీరు ముగ్గురు ఉన్నారు కదా మూడోవాడు టార్చి పట్టుకుంటాడు. ఎన్95 మాస్కు, కండ్లద్దాలు, ఫుల్ చేతుల చొక్కా. పడవ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు మీద గుడ్డ కప్పండి, ఆ దుమ్ము లోపల నూనె నీళ్లతో కలిసి ముద్దయి పంపు జాలీలో కూర్చుంటే, పంపు అవసరమైన రోజున అది పనిచెయ్యదు.

కోసేది పది నిమిషాలే. అందరూ ఆడ ఆగి ఫోటో తీసుకుంటారు. పని అక్కడినుంచే మొదలు.

ప్లైవుడ్డు తెగిన అంచు అంటే గడ్డివామి లాంటిది, నీళ్లు పీల్చుకుంటానే ఉంటుంది. పైన ఎంత పెయింటు వేసినా అంచు పచ్చిగా వదిలేస్తే పొరలు విడిపోయి రెండు వానాకాలాలకి ఉబ్బుతుంది. 80 నంబరు సాండ్ పేపరుతో రుద్ది మూలలు మొండి చేసుకో, అంచు పదునుగా ఉంటే ఏ కోటూ దాని మీద నిలబడదు. తర్వాత పల్చని ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ రెండూ కలిపితే గట్టిపడే జిగురు) బ్రష్షుతో పూసి, పీల్చుకున్న తావ మళ్లీ పూసి, ఇంక పీల్చడం ఆపేదాకా పూస్తానే ఉండు, సాధారణంగా మూడుసార్లు. మొదటి కోటు ఇంకా జిగటగా ఉన్నప్పుడే రెండోది పడితే మధ్యలో రుద్దే పని లేదు. మర్నాటికి గట్టిపడిపోతే మాత్రం పైన మైనంలాంటి జిడ్డు తేలి ఉంటుంది, దాన్ని నీళ్లూ స్కాచ్‌బ్రైట్‌తో కడిగి ఆరబెట్టి అప్పుడు పేపరు పట్టాల, కడగకుండా రుద్దితే ఆ జిడ్డు లోపలికే పోతుంది.

హార్డెనర్ కొలత డబ్బా మీద ఎట్ల రాసుంటే అట్ల, అది బరువు లెక్కా వాల్యూమ్ లెక్కా అనేది కూడా చూడు, త్వరగా గట్టిపడాలని రోంత జాస్తి పోస్తే ఎపాక్సీ అసలు గట్టిపడకుండా బంకలాగా ఉండిపోతుంది. మన ఎండలు తెలుసు కదా, మే నెలలో గ్లాసులో కలిపి పక్కన పెట్టినావంటే గ్లాసే పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగా కలిపి వెడల్పు పళ్లెంలో పరిచేసుకో, పొద్దున్నే పని పెట్టుకో.

లైనరు కంతకి ఇంత బాధ లేదు, అది గట్టి ఫైబర్ ఒకే పొర అయితే అంచు రుద్ది ఒక కోటు పూస్తే చాలు. గానీ కోసినాక అంచులో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ఫోమో కనిపిస్తే అది శాండ్‌విచ్, డెక్కులు శానా వరకు ఇట్లనే కడతారు. అప్పుడు మేకుని ఎల్ లాగా వంచి డ్రిల్లుకి తగిలించి మధ్య చెక్కని చుట్టూ అర అంగుళం లోతు తవ్వేసి, దుమ్ము ఊది, ఫస్టు పల్చటి ఎపాక్సీ పూసి, తర్వాత సిలికా పొడి కలిపి రాగిసంగటి కంటే రోంత మెత్తగా చేసుకుని ఆ సందులో కూరు. కిందికి జారకూడదు, అదే గుర్తు. గట్టిపడినాక రుద్దితే లోపలి చెక్కకి నీళ్లు తగిలే దారే ఉండదు. స్క్రూలు పడే తావ కూడా అంతే, పెద్ద బెజ్జం వేసి ఎపాక్సీతో నింపి దాంట్లో మళ్లీ చిన్న బెజ్జం వెయ్యాల.

మూత సంగతి. బెర్త్ మీద కోసిన ముక్కనే మూత చేసుకో, అందుకే సన్న బ్లేడుతో, గీత తప్పకుండా కొయ్యమనేది. కంత అడుగున చుట్టూ చెక్క పట్టీలు ఒక అంగుళం లోపలికి పొడుచుకుని ఉండేట్టు జిగురు పెట్టి స్క్రూ బిగిస్తే మూత దాని మీద కూర్చుంటుంది. ఎపాక్సీ, పెయింటు కోట్లు పడినాక మూత మందం పెరుగుతుంది, పట్టేస్తుంది, కాబట్టి ముందే చుట్టూ ఒక మిల్లీమీటరు రుద్ది వదులు పెట్టుకో. వేలు దూరే ఒక అంగుళం బెజ్జం ఒకటి వేస్తే ఎత్తేదానికీ అయింది, కింద గాలి ఆడేదానికీ అయింది. దానికి ఒక తిప్పే గడియ పెట్టడం మర్చిపోవద్దు, తెరచాప పడవ ఒక పక్కకి వొరిగే నడుస్తుంది, గడియ లేని మూతలు మొదటి ట్రిప్పులోనే కాళ్ల మీద పడతాయి. చైన్‌ప్లేట్ కంతకి ప్లాస్టిక్ స్క్రూ మూతలు రెడీమేడ్ దొరకతాయి, నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల దాకా, లేదంటే కంతకంటే చుట్టూ అంగుళం పెద్ద ప్యానెల్ చేసి నాలుగు స్క్రూలతో బిగించు. అది చూసేదానికి కూడా నీటు, కోత కొంచెం వంకరపోయినా కప్పేస్తుంది, నేనైతే నీకు ఇదే చెప్తాను.

డెక్కు సందులో కొత్త సీలెంటు వెయ్యకుండా కంత కోసి మూత పెట్టి ఇంటికి పోవద్దు. పాతది మొత్తం గీకి, సిలికాన్ వాడకుండా బ్యూటైల్ టేపు గానీ పాలీసల్ఫైడ్ సీలెంటు గానీ వెయ్యి. సిలికాన్ ఒకసారి అంటుకున్న తావ ఇంక పెయింటు పట్టదు. ప్లాస్టిక్ మూతల కింద మాత్రం పాలీసల్ఫైడ్ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లని అది తినేస్తుంది, ఆడ బ్యూటైలే.

ఇంక ఇంట్లో చెప్పేయండి నాయనా, ఫైబర్ దుమ్ముతో మూడు వారాలు ఇంటికి పోతే వాళ్లే కనుక్కుంటారు. ఎట్లంటే కింద ఇంకో ఉత్తరం ఉంది చూడు.

ప్రశ్న: అన్నయ్యా, నేను చంద్రగిరి నుంచి రాస్తున్నా. మా ఆయన ఫైబర్ షీట్లు, ట్యాంకులు కోసే పనికి పోతాడు. ఇంటికి వచ్చినాక ఒళ్లంతా దురద, ఆయన బట్టలతో కలిపి ఉతికితే పిల్లలకి కూడా దురద వస్తా ఉంది. ఏం చెయ్యాల?

జవాబు: అమ్మా, అవి కంటికి కనపడని గాజు ముల్లులు. రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయి. ముందు రుద్దకుండా చల్లనీళ్లు ధారగా పోసుకోమను, తర్వాతే సబ్బు. ముంజేతికి, మెడకి జాస్తి దురద ఉంటే వెడల్పు టేపు అంటించి పీకితే కొన్ని దాంతో వచ్చేస్తాయి. పనికి పోయేముందు చేతులకి పౌడరు పూసుకుని, చొక్కా చేతుల చివర టేపు చుట్టుకుంటే సగం తగ్గుతుంది. పని బట్టలు ఇంటి బయటే విప్పి దులిపి, విడిగా నానబెట్టి విడిగా ఉతకాల, మిషన్లో అయితే అవి తీసినాక ఒకసారి ఖాళీగా నీళ్లు తిప్పి వదిలేయమ్మా, లేకపోతే తర్వాత వేసే పిల్లల బట్టల్లోకి అవే చేరతాయి. మాస్కు మాత్రం గుడ్డ కట్టుకునేది కాదు, ఎన్95. ఒళ్లు దురద రెండు రోజులకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయేదాన్ని టేపు పెట్టి పీకలేం. దద్దుర్లు పొంగి తగ్గకుండా ఉంటే రెసిన్ పడకపోవడం కావచ్చు, డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: సార్, సూళ్లూరుపేట పక్క నుంచి. మాది పులికాట్‌లో వేటకి పోయే ఫైబర్ బోటు. ముందు భాగంలో మూసేసిన పెట్టె ఉంది, బోటు మునగకుండా గాలి పెట్టె అంటారు. దాంట్లో నీళ్లు కదిలినట్టు శబ్దం వస్తా ఉంది, బోటు బరువెక్కింది. కంత కోసి నీళ్లు తీసి మూసెయ్యచ్చా?

జవాబు: కొయ్యచ్చు, గానీ మళ్లీ మూసెయ్యద్దు, తెరిచి మూసేట్టు పెట్టుకోండి. పెట్టె పైభాగంలో, కాళ్లు తొక్కని తావ ఆరంగుళాల హోల్‌సాతో కోసి రబ్బరు రింగు ఉండే స్క్రూ మూత బిగించండి. పక్కన కొయ్యద్దు, అలలు తగిలేది ఆడే. లోపల ఫోమ్ నింపి ఉంటే చేత్తో నొక్కి చూడండి, నీళ్లు పీల్చి స్పాంజిలాగా ఉంటే అది ఇంక తేలదు, తీసేసి మార్చాల్సిందే. నీళ్లు ఎట్ల పోయినాయో చూడకుండా తోడి మూస్తే మళ్లీ నెలకి ఇదే ఉత్తరం రాస్తారు, కాబట్టి లోపల టార్చి వేసి బయటనుంచి అతుకుల మీద నీళ్లు కొట్టి యాడ కారుతుందో చూడండి. వేటకి పోయేముందు మూత గట్టిగా తిప్పి ఉందో లేదో చూడండి, తెరిచిపెట్టిన గాలి పెట్టె గాలి పెట్టె కాదు, బిందె. రిపేరుకి రెసిన్ కలిపేటప్పుడు, అది గట్టిపడేదానికి వేసే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ ఎప్పుడూ నేరుగా కలపద్దు, పేలుతుంది. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిపినాకే క్యాటలిస్ట్ వెయ్యాల.

ప్రశ్న: చిత్తూరు నుంచి కార్పెంటర్‌ని. ఫైబర్ కంతలు నాలుగించుల గ్రైండరు, కటింగ్ వీలు పెట్టి ఐదు నిమిషాల్లో కోసేస్తా ఉన్నాను, మల్టీ టూల్‌కి డబ్బులు దండగ కాదా?

జవాబు: గ్రానైట్ కోసే చెయ్యి అన్నమాట. బయట పెద్ద షీటు నేరుగా కోసేదానికి డైమండ్ వీలు పెట్టిన గ్రైండరు బాగానే పనిచేస్తుంది, కాదనను. కంతకి మాత్రం వద్దు. గుండ్రం బ్లేడు లోతుగా దిగాలంటే పైన గీత మూల దాటి పోవాల్సిందే, ప్రతి మూలలో గాటు మిగులుతుంది, పగులు ఆడినుంచే. దుమ్ము గదంతా చిమ్ముతుంది, ఇరుకులో వీలు పట్టేస్తే గ్రైండరు మొహం మీదికే వస్తుంది. గార్డు తీసేసి వాడతా ఉంటావు అని నా అనుమానం, ముందు అది మళ్లీ తగిలించు.

ప్రశ్న: పుత్తూరు. పడవ మూతకి మామూలు కమర్షియల్ ప్లై సరిపోదా, మెరైన్ ప్లై రేటు ఎక్కువ కదా?

జవాబు: మెరైన్ అని రబ్బరు స్టాంపు ఎవరైనా కొట్టచ్చు, ఐఎస్ 710 అనే ముద్ర, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు ప్లై, ఇంట్లో బీరువాకి సరే. డౌటు ఉంటే అంగడిలోనే చిన్న ముక్క అడిగి తెచ్చి గంటసేపు నీళ్లలో ఉడకబెట్టండి, పొరలు విడిపోతే వాపసు ఇచ్చేయండి. ముక్క ఇవ్వనన్నాడంటే ఇంకో అంగడికి పోండి.